ఇటుక ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం మొదలుపెట్టాక: నా అనుభవం

నేను హైదరాబాద్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పర్చేజ్ విభాగంలో పని చేస్తాను. సిమెంటు, స్టీలు, ఇసుక, ఇటుక, టైల్స్, సైటుకు వచ్చే ప్రతి లోడు బిల్లూ మా టేబుల్ మీదుగానే పోతుంది. మా ప్రాజెక్టులో ఒక విదేశీ ఫండ్ డబ్బు పెట్టింది. వాళ్ళ షరతుల్లో ఒకటేమిటంటే, మీ సైట్లలో గానీ మీకు సరుకు పంపేవాళ్ళ దగ్గర గానీ వెట్టిచాకిరీ, బాలకార్మికులు లేకుండా చూసుకోవాలి, ఎలా చూసుకుంటున్నారో ప్రతి ఏడూ రాసి చూపించాలి అని. ఆ పని నాకు అప్పగించారు. ఇప్పుడు చాలా కంపెనీల్లో ఈ ఫారాలు పర్చేజ్ వాళ్ళ దగ్గరికో హెచ్ఆర్ వాళ్ళ దగ్గరికో వచ్చి పడుతున్నాయి, సంతకం పెట్టి పంపేస్తే అయిపోతుందనుకుంటున్నారు, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

అసలు ఈ షరతులు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చదువుకున్నాను. బ్రిటన్‌లో 2015లో ఒక చట్టం వచ్చింది. టర్నోవర్ 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన ఉన్న కంపెనీలు తమ సప్లై చైన్‌లో బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటించాలి. ఆస్ట్రేలియా 2018లో ఇలాంటిదే తెచ్చుకుంది. ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ ప్రమాణాల్లో రెండోది పూర్తిగా కార్మికుల గురించే, మన ఫండ్లు, బ్యాంకులు చాలావరకు దాన్నే పట్టుకుంటాయి. స్టాక్ మార్కెట్లను చూసే మన సెబీ కూడా పెద్ద లిస్టెడ్ కంపెనీలను బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత రిపోర్టులో ఈ ప్రశ్నలు అడుగుతోంది. ఇవన్నీ చదివాను గానీ, నాకు అన్నిటికంటే పనికొచ్చింది మన 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమే. అందులో విషయం చాలా సూటిగా ఉంటుంది. ఒక మనిషి అడ్వాన్స్ తీసుకున్నాడు, దాని వల్ల వేరే చోట పని చేసుకునే స్వేచ్ఛో, కావాలనుకున్నప్పుడు వెళ్ళిపోయే స్వేచ్ఛో, కనీస వేతనమో పోగొట్టుకున్నాడు, అంతే, అది వెట్టి. గొలుసులు, తాళాలు, కొట్టడాలు ఉండాల్సిన అవసరం లేదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఈ రెండూ మనసులో పెట్టుకుని చూస్తే చూపు మారిపోతుంది.

మా లీగల్ వాళ్ళు ఒక పేజీ డిక్లరేషన్ తయారు చేసి సప్లయర్లందరికీ పంపారు. మా దగ్గర వెట్టి లేదు, పిల్లలు లేరు, ఉంటే మాదే బాధ్యత అని. అందరూ సంతకం పెట్టి పంపేశారు, ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. మా ఇటుకల డీలరు బిల్లు తీసుకోవడానికి వచ్చి, కౌంటర్ దగ్గర నిలబడే, చదవకుండానే సంతకం పెట్టాడు. పైవాళ్ళు ఆ కాగితాలన్నీ ఫైలు చేసి ఫండ్‌కు పంపేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ డీలరు జీవితంలో ఒక్క ఇటుక కోయించలేదు, కొని అమ్ముతాడు, అతని సంతకం దేనికి హామీ?

ఇటుకనే ముందు పట్టుకోవడానికి కారణం ఉంది. తెలంగాణలో ఇటుక బట్టీల పని చాలావరకు పశ్చిమ ఒడిశా నుంచి, అంటే బలంగీర్, నువాపడ, కాళహండి జిల్లాల నుంచి వచ్చే కుటుంబాలే చేస్తాయి. 2017 జనవరిలో యాదాద్రి భువనగిరి జిల్లా బట్టీల నుంచి పోలీసులు దాదాపు 200 మంది పిల్లలను బయటికి తీసుకొచ్చారు, అప్పట్లో పేపర్లన్నిటిలో వచ్చింది. అంతకుముందు 2013 డిసెంబర్‌లో, అడ్వాన్స్ తీసుకుని పనికి రావడం లేదని ఒడిశాలో ఇద్దరు కూలీల కుడి అరచేతులు నరికేశారు, సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది. ఇంత తెలిసి కూడా, ఇటుకకు ఎంత, లోడుకు ఎన్ని, ఎన్ని పగిలాయి అనే తప్ప ఎవరు కోశారు అని ఎవరూ అడగరు. మా పర్చేజ్ ఆర్డర్‌లో ఆ గడే లేదు.

ఏ బట్టీ నుంచి తెస్తున్నావని డీలరును అడిగితే చెప్పలేదు. చెబితే మేము నేరుగా బట్టీకే వెళ్ళి కొనేస్తామని అతని భయం, వ్యాపారం కదా, అర్థం చేసుకోగలను. కానీ ఇటుక మీదే జవాబు ఉంది. పచ్చి ఇటుక కోసేటప్పుడు అచ్చులో బట్టీ గుర్తు పడుతుంది, రెండు మూడు అక్షరాలు, ఓనర్ పేరో దేవుడి పేరో. సైట్లన్నీ తిరిగి, కుప్పల మీద ఉన్న అక్షరాలన్నీ ఫోటోలు తీసి, ఏ సైట్లో ఏ గుర్తో రాసుకున్నాను. తర్వాత లారీ డ్రైవర్లను అడిగాను. డ్రైవర్లకు దాచాల్సిందేమీ లేదు, ఎక్కడ లోడ్ ఎత్తారో ఊరి పేరుతో సహా చెప్పేశారు. సాఫ్ట్‌వేర్లు కొని సప్లై చైన్ మ్యాపింగ్ చేయించాలని చెప్పేవాళ్ళు చాలామంది వచ్చారు మా ఆఫీసుకు. ఇటుక విషయంలో మాకు ఆ ఖర్చు అవసరం పడలేదు.

బట్టీలకు మొదట ఓనర్లకు చెప్పే వెళ్ళాం. వెళ్తే అన్నీ సర్ది ఉన్నాయి. మస్టర్ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టారు, నెల మొత్తానికీ ఒకే ఇంకుతో, ఒకే వరసలో వేలిముద్రలు. రిజిస్టర్‌లో ఆడవాళ్ళ పేర్లు లేవు. పిల్లలు ఎక్కడా కనబడలేదు, కానీ ఆరబెట్టిన పచ్చి ఇటుకల మీద చిన్న చిన్న కాళ్ళ గుర్తులు కనబడ్డాయి. పిల్లలు తేలిగ్గా ఉంటారు కాబట్టి ఇటుకలను తిరగేయడానికి వాళ్ళనే నడిపిస్తారని తర్వాత తెలిసింది. కూలీలను ఓనర్ ముందే అడగమన్నారు. ఓనర్ పక్కన నిలబడితే ఏ మనిషి ఏం చెబుతాడు? అందరూ బాగుంది, బాగుంది అన్నారు. ఆడిట్ కంపెనీలకు డబ్బులిచ్చి చేయించే తనిఖీలు చాలావరకు ఇక్కడితోనే ఆగిపోతాయి, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే ఆ రిపోర్టులు నేను చదివాను, అందులో మంచినీళ్ళ డ్రమ్ము, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఫోటోలు ఉంటాయి, అడ్వాన్స్ అనే మాట ఒక్క చోట కూడా ఉండదు.

మా దారి మారింది ఒకావిడ వల్ల. బట్టీల దగ్గర ఒడియా పిల్లల కోసం ప్రభుత్వం నడిపించే వర్క్‌సైట్ స్కూల్లో కొంతకాలం చదువు చెప్పారు ఆవిడ, వాళ్ళ భాష వచ్చు, కుటుంబాలు ఆవిడను దీదీ అని పిలుస్తాయి. "బట్టీకి కాదు సార్, సంతకు రండి" అన్నారు. వారానికోసారి ఖర్చులకని ఓనర్ కొంత డబ్బు ఇస్తాడు, దాంతో బియ్యం, ఉప్పు, నూనె, ఎండు చేపలు కొనుక్కోవడానికి దగ్గర్లోని సంతకు వస్తారు. అక్కడ కూడా గుమాస్తా వెంటే ఉంటాడు గానీ, అంతమందిని ఒక్కడే కనిపెట్టలేడు. కూరగాయల దగ్గర, చెట్టు కింద, నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి మాట్లాడాం. ఎవరి పేరూ రాసుకోలేదు, ఫోటో తీయలేదు. అలా వారం వారం వెళ్తుంటే నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టారు.

వాళ్ళు చెప్పింది కలిపి చూస్తే ఇలా ఉంది. మన వినాయక చవితి మర్నాడు వాళ్ళకు నువాఖాయి, కొత్త ధాన్యం పండుగ. ఆ పండుగ ఖర్చుకు, పాత అప్పులకు, ఇంట్లో పెళ్ళికి, జబ్బుకు డబ్బు కావాలి. ఆ రోజుల్లోనే సర్దార్, అంటే కూలీలను కుదిర్చి బట్టీలకు పంపే ఏజెంటు, ఊళ్ళోకి వస్తాడు, భార్యాభర్తలు, ఒక పిల్లో పిల్లవాడో కలిపి ఒక జట్టుగా లెక్కగట్టి అడ్వాన్స్ ఇస్తాడు. దసరా, దీపావళి దాటాక కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కిస్తాడు. మే, జూన్‌లో వానలు పడేదాకా బట్టీలో ఉండాలి. వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు, కానీ చేతికొచ్చేది వారం ఖర్చు మాత్రమే. అసలు లెక్క సీజన్ చివర చూస్తారు. అడ్వాన్స్‌లోంచి సర్దార్ ఎంత కోసుకున్నాడో, రైలు టికెట్లు ఎవరి ఖాతాలో రాశారో, ఎన్ని వేల ఇటుకలు పగిలాయని తీసేశారో అప్పటిదాకా తెలియదు. ఆధార్, రేషన్ కార్డులు సర్దార్ దగ్గరో గుమాస్తా దగ్గరో ఉంటాయి. ఎవరైనా చనిపోయారని ఊరికి వెళ్ళాలంటే ఒకరిని పంపి మిగతావాళ్ళను ఇక్కడే ఉంచుకుంటారు.

ఆఫీసులో నమ్మించడానికి నేను లెక్క వేసి చూపించాల్సి వచ్చింది. వెయ్యి ఇటుకలకు 600 రూపాయలనుకుందాం. ఇద్దరు పెద్దవాళ్ళు, వాళ్ళ బిడ్డ కలిసి రోజుకు 1,200 కోస్తే 720 రూపాయలు. పిల్లను లెక్కలోంచి తీసేస్తే ఒక్కొక్కరికి 360. చూడటానికి ఫరవాలేదనిపిస్తుంది. కానీ వాళ్ళు తెల్లవారకముందే మట్టి తొక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నం కాస్త ఆగి, మళ్ళీ చీకటి పడేదాకా, దాదాపు 14 గంటలు పని చేస్తారు. కనీస వేతనం 8 గంటలకు, ఆపైన గంటలకు రెట్టింపు ఇవ్వాలి. ఆ పద్ధతిలో లెక్కగడితే, అన్ని గంటల పనికి ఒక్కొక్కరికి రావాల్సింది ఈ 360కి ఎంతో పైన. దానికి తోడు వాన పడ్డ రోజు, మట్టి ట్రాక్టరు రాని రోజు, జ్వరం వచ్చిన రోజు ఒక్క రూపాయీ లేదు. ఈ లెక్క బోర్డు మీద రాశాక మా ఫైనాన్స్ హెడ్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మనం ఇటుకకు ఎంత ఇస్తున్నామో అదీ రాయండి" అన్నారు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

అప్పుడే ఒక కుటుంబం సంగతి బయటికొచ్చింది. ఒక బట్టీలో ఒకామెకు జబ్బు చేసింది, భర్త ఊరికి తీసుకెళ్ళిపోతానంటే పంపలేదు. ఓనర్‌తో నేనే మాట్లాడాను. "నేను జంటకింత అని ముందే పైసలు పెట్టి తెచ్చుకున్న సార్, వాళ్ళు నడుమ పోతే నా పైసలు ఎవరిస్తరు? మీరిస్తరా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, మామూలు వ్యాపార మాటలాగే అన్నాడు. మా మేనేజ్‌మెంట్‌లో కొందరు ఆ అడ్వాన్స్ కంపెనీయే కట్టేసి కుటుంబాన్ని పంపించేద్దాం, గొడవుండదు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ అలా కడితే ఆ అప్పు న్యాయమైనదేనని మనం ఒప్పుకున్నట్టు. చట్టం ప్రకారం వెట్టి అప్పు రద్దయిపోయినట్టే, తిరిగి కట్టాల్సిన పనే లేదు, వసూలు చేసుకోవడమే నేరం. దీదీ సాయంతో, ఆ భార్యాభర్తలు సరేనన్నాకే, ఆర్డీఓ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం.

ఈ భాగం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే దీని గురించి తెలుగులో రాసినవాళ్ళు తక్కువ. వెట్టి కేసుల్లో విచారణ చేయాల్సింది పోలీసులు మాత్రమే కాదు, జిల్లా కలెక్టర్, ఆర్డీఓలకు ఆ బాధ్యత ఉంది. వాళ్ళు వచ్చి కూలీలను ఓనర్ లేకుండా, ఒక్కొక్కరిగా, వాళ్ళ భాష తెలిసిన మనిషి సాయంతో అడగాలి. ఆ మాట పట్టుబట్టి అడగకపోతే అందరినీ ఒక చోట కూర్చోబెట్టి ఓనర్ ముందే అడిగేస్తారు. అప్పు వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం అప్పిచ్చినవాడి మీదే ఉంటుంది, కూలీ మీద కాదు. విచారణలో తేలితే విడుదల పత్రం ఇవ్వాలి. అది లేకుండా బస్సెక్కించి పంపించేస్తే ఆ కుటుంబానికి ఏమీ రాదు, పైగా సర్దార్ మళ్ళీ గుమ్మం ముందుకు వస్తాడు. అధికారులు మాత్రం ముందు "సెటిల్‌మెంట్ చేసుకోండి, కూలీ బకాయి గొడవగా రాసేద్దాం" అనే అంటారు. మేము పట్టు వదల్లేదు. తక్షణ సాయం కింద 30 వేల రూపాయల వరకు ఇచ్చే కేంద్ర పథకం ఉంది, దానికి కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. పూర్తి పునరావాసం మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షలు, కానీ దాన్ని శిక్ష పడటంతో ముడిపెట్టారు, అక్కడే ఏళ్ళకు ఏళ్ళు ఆగిపోతుంది. ఇది మార్చాల్సిందేనని నా అభిప్రాయం. కూలీ స్వేచ్ఛ పోయిందని ప్రభుత్వమే పత్రం ఇచ్చాక, కోర్టు ఎప్పుడు తేలుస్తుందో అని ఆ కుటుంబం ఎందుకు కాచుకు కూర్చోవాలి? నేరం రుజువైనా శిక్ష మూడేళ్ళ వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా. 1976లో రాసిన 2 వేలు.

ఆ భార్యాభర్తలకు విడుదల పత్రం వచ్చింది, ఊరికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఆఫీసులో అసలు చర్చ మొదలైంది. ఎర్ర ఇటుక మానేసి మొత్తం ఏఏసీ బ్లాకులకు, అంటే ఫ్యాక్టరీలో తయారయ్యే తేలికపాటి బ్లాకులకు మారిపోదాం, తలనొప్పి ఉండదు అన్నారు. నాకు ఇది సరికాదనిపించింది. సీజన్ మధ్యలో మేము కొనడం ఆపేస్తే ఓనర్ తన అడ్వాన్స్‌ను ఎక్కడ రాబట్టుకుంటాడు? ఆ జట్లను అప్పుతో సహా ఇంకో బట్టీకి మార్చేస్తాడు. మా రిపోర్టు శుభ్రంగా ఉంటుంది, మనుషులు ఇంకా లోతుకు వెళ్ళిపోతారు. ఐఎఫ్‌సీ ప్రమాణం కూడా ముందు సరిదిద్దమంటుంది, సరిదిద్దడం కుదరనప్పుడే సప్లయర్‌ను మార్చమంటుంది. ఇంకో సంగతి, మేము డీలరుకు డబ్బు ఇచ్చేది 90 రోజులకు. డీలరు బట్టీకి ఇంకా ఆలస్యంగా ఇస్తాడు. చేతిలో డబ్బు లేని ఓనర్ కూలీకి వారం వారం లెక్క కట్టి ఎలా ఇస్తాడు? ఇది ఓనర్‌ను వెనకేసుకురావడం కాదు, మా పేమెంట్ షరతుల్లో కూడా ఆ వెట్టికి ఒక కొస ఉంది.

చివరికి కొన్ని బట్టీలతో నేరుగా ఒప్పందం చేసుకున్నాం. లోడు దిగిన 15 రోజుల్లో డబ్బు, ఇటుకకు రేటు కాస్త ఎక్కువ. బదులుగా వాళ్ళు చేయాల్సింది: పెద్దవాళ్ళ ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టర్‌లో ఉండాలి, ఆడవాళ్ళకు వాళ్ళ సొంత ఖాతాలో కూలీ పడాలి, పదిహేను రోజులకోసారి లెక్క తేల్చాలి, ఆ లెక్క ఒడియాలో రాసిన చిన్న పుస్తకం కూలీ దగ్గరే ఉండాలి, కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే, పిల్లలు బడికి. అడ్వాన్స్ పూర్తిగా వద్దని రాద్దామనుకున్నాం గానీ దీదీ ఒప్పుకోలేదు, "నువాఖాయికి వాళ్ళకు డబ్బు ఎవరిస్తారు మరి?" అన్నారు. కాబట్టి అడ్వాన్స్‌కు ఒక హద్దు పెట్టాం, ఎవరైనా మధ్యలో వెళ్ళిపోతే మిగిలింది వదిలేయాలి, ఆపకూడదు, ఇంకొకరి మీద రాయకూడదు అని.

అన్నీ కుదిరాయని చెప్పను. ఒక చోట ఖాతాలు తెరిచారు, ఏటీఎం కార్డులన్నీ సర్దార్ జేబులోనే దొరికాయి. కొందరు ఓనర్లు మా షరతులు చూసి నవ్వి, వేరే బిల్డర్లు ఉన్నారు సార్ అన్నారు, నిజమే, ఉన్నారు. ఒక సైటు ఇంజినీరు ఇటుక తక్కువ పడిందని బయట డీలరు దగ్గర లోడ్లు తెప్పించాడు, గుర్తు చూసి పట్టుకున్నాం. ఇప్పుడు స్టోర్స్‌లో లోడు దించేముందు అక్షరాలు చూసి రాయడం నిబంధన చేశాం.

ఇంతా చేస్తూ మా సొంత సైట్లు చూడకపోతే ఎలా? జార్ఖండ్, బిహార్, బెంగాల్ నుంచి సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనికి వచ్చే కుర్రాళ్ళకు కూడా కాంట్రాక్టర్ అడ్వాన్సే. మాకు బిల్లు పెట్టే కాంట్రాక్టర్ కింద ఇంకొకడు, అతని కింద ఇంకొకడు. లేబర్ క్యాంపుల్లో హిందీ, బెంగాలీలో ఫోన్ నంబర్ రాసిన బోర్డు పెట్టాం. ఫోన్ మోగింది ఎక్కువగా జీతం ఆపేశారని. ఆ బకాయిలు కాంట్రాక్టర్ బిల్లులోంచి కోసి నేరుగా కూలీ ఖాతాలో వేస్తున్నాం.

ఈ ఏడాది ఫండ్‌కు పంపిన రిపోర్టులో, కేసులు ఏమైనా కనబడ్డాయా అన్న గడిలో అవును అని రాయాలా వద్దా అని పెద్ద వాదన జరిగింది. లేవని రాస్తే బాగుంటుందని కొందరు, పెట్టుబడి ఆగిపోతుందేమోనని టెన్షన్. అవును అనే రాశాం, ఏం చేశామో జత చేశాం. వాళ్ళు పెట్టుబడి ఆపలేదు, ఇంకా ఏం చేస్తారో గడువులతో పంపమన్నారు. అందులో మొదటిది, వచ్చే నువాఖాయికి ముందే దీదీతో కలిసి బలంగీర్ వైపు ఊళ్ళకు వెళ్ళడం, అడ్వాన్స్ చేతులు మారే చోటే మా షరతులు ఒడియాలో చెప్పడం. టికెట్లకు, దీదీ ఖర్చులకు బడ్జెట్ అడిగాను. సగం ఇచ్చారు, మిగతా సగం కోసం ఈ వారం మళ్ళీ మీటింగ్ ఉంది.